ఊరు – దారి

క్రొత్త ఊరికి బయలుదేరిన వాడు మొదట అడుగు ప్రశ్న "దారి యేది?" అనునదియే. ఊరునకు పేరు కలుగక మునుపే దారి పుట్టును. నీటికై చెరువునకు పోవు స్త్రీల అడుగులు, మందను తోలుకొని పోవు కాపరి అడుగులు, సంతకు పోవు రైతు బండిచక్రములు నేలమీద ఒక గీత గీయును. ఆ గీతయే కాలక్రమమున బాట యగును, బాట రోడ్డగును, రోడ్డు రహదారి యగును. పదిమంది నడచు చోట దారిని అడుగులే నిర్ణయించును. పదివేల మంది నడచు చోట దానిని అట్లు విడిచిపెట్టరాదు. ఎవరు, ఎచ్చటినుండి ఎచ్చటికి, ఏ వేళ, ఏ పనికై పోవుచున్నారో తెలిసికొని, రాబోవు కాలమును గూడ తలపోసి దారులను ఏర్పరుపవలయును. ఇట్లు ముందుగా ఆలోచించి చేయు ఏర్పాటునకే ప్రణాళిక యని పేరు.

దారుల ప్రణాళిక ఇంజనీర్ల పని యనియు, దానితో గ్రామస్థులకు నిమిత్తము లేదనియు పలువురు తలంతురు. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో తెలియవలెనన్న, హైదరాబాదు నగరమునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములను పరిశీలించుట మేలు. అచ్చట ఒక శతాబ్ది కాలములో బండిబాట మొదలు ఎనిమిది వరుసల రహదారి వరకు అన్ని విధములైన దారులును వెలసినవి. వానివలన కలిగిన లాభములును, చిక్కులును ఒకేచోట కానవచ్చును.

సికిందరాబాదు నుండి ఉత్తర దిక్కునకు రెండు పెద్దబాటలు చీలిపోవుచున్నవి. ఒకటి బోయినపల్లి, కొంపల్లి గ్రామముల మీదుగా మేడ్చల్ చేరి, తూప్రాన్, కామారెడ్డి, ఆదిలాబాదుల మీదుగా నాగపురమునకు సాగును. పూర్వము దీనిని 7వ నంబరు జాతీయ రహదారి యనెడివారు. ఇప్పుడది కాశ్మీరమును కన్యాకుమారితో కలుపు 44వ నంబరు రహదారిలో భాగము. రెండవది తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, తూంకుంటల మీదుగా శామీర్‌పేట చేరి, సిద్దిపేట, కరీంనగరములకు పోవును. దీనికి రాజీవ్ రహదారి యని పేరు. ఈ రెండు బాటలును విప్పిన కత్తెరవలె దూరము పోయిన కొలది ఎడమగుచుండును. ఆ నడుమ గుండ్లపోచంపల్లి, గౌడవెల్లి, దేవరయాంజాల్ మొదలగు గ్రామములు కలవు.

ఈ ప్రాంతము మెరక నేల. బండరాళ్ల గుట్టలు, వాని పల్లములందు చెరువులు ఇచ్చట విస్తారముగా నున్నవి. వానిలో శామీర్‌పేట పెద్దచెరువు చూడదగినది. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేటలు ద్రాక్షతోటలకు పేరుగాంచియుండెను. కూరగాయల సాగు కూడ ఎక్కువ. ద్రాక్షపండు ఎంత మధురమైనదో అంత సుకుమారమైనది. కోసిన దినముననే అంగడికి చేరనిచో రైతు శ్రమ అంతయు వ్యర్థము. కాబట్టి ఇచ్చటి రైతునకు మంచి దారి యనగా సుఖప్రయాణము మాత్రమే కాదు, కుటుంబ పోషణము.

బండిచక్రమును చూచిన వారికి ఈ ప్రాంతపు దారుల స్వభావము సులభముగా బోధపడును. చక్రము నడుమ కుండ యుండును. దానినుండి ఆకులు నలుదెసలకు బయలుదేరును. ఆకుల కొనలను పూటీలు ఒకదానితో నొకటి కలుపును. పూటీలు లేని చక్రము దొర్లదు. నగరము కుండవంటిది, మేడ్చల్ బాట ఒక ఆకు, శామీర్‌పేట బాట మరియొక ఆకు. చాలకాలము ఇచ్చట ఆకులే కాని పూటీలు లేవు. నగరమునకు పోవుట సులభము. ప్రక్క ఊరికి పోవుట కష్టము. మేడ్చల్ నుండి శామీర్‌పేటకు పోవలసిన వాడు ఇరుకైన గ్రామపు బాటలను నమ్ముకొనవలసి యుండెను. లేనిచో నగరము వైపునకు దిగి మరల పైకి ఎక్కవలసి యుండెను.

రైలు కూడ ఈ పద్ధతినే అనుసరించినది. ఇరువదవ శతాబ్ది ఆరంభమునకు నిజాము రాజ్యమున హైదరాబాదు–గోదావరీలోయ రైలుమార్గము సికిందరాబాదు నుండి మన్మాడు వరకు నిర్మింపబడెను. మొదట అది మీటరు గేజి మార్గము. పిదప బ్రాడ్‌గేజిగా మార్చిరి. ఆ మార్గముననే బొల్లారము, గుండ్లపోచంపల్లి, గౌడవెల్లి, మేడ్చల్ స్టేషనులు కలవు. తరువాత మోటారు బస్సులు వచ్చినవి. 1932లో నిజాము రాష్ట్ర రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించిరి. ఆ చిన్న శాఖయే 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకును, తెలంగాణ ఏర్పడిన పిమ్మట ఇచ్చటి రోడ్డు రవాణా సంస్థకును మూలము.

దేశమంతటికిని వర్తించు దారుల ప్రణాళిక 1943లో నాగపురమున సిద్ధమయ్యెను. అచ్చట సమావేశమైన ముఖ్య ఇంజనీర్లు రోడ్లను జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు అని తరగతులుగా విభజించిరి. వ్యవసాయము వృద్ధి చెందిన ప్రాంతమున ఏ గ్రామమును పెద్దబాటకు 5 మైళ్లకు మించి దూరమున ఉండరాదని వారు నిర్ణయించిరి. ఆ కాలమునకు అది గొప్ప ఆశయము. 2000వ సంవత్సరము డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఈ ఆశయమును మరికొంత ముందుకు నడిపినది. మైదాన ప్రాంతములందు 500 జనాభా కలిగియు దారి లేని ప్రతి పల్లెకును, ఎండకు వానకు చెడని రోడ్డు వేయవలెనని దాని సంకల్పము. ఒకటి దూరమును గూర్చి చెప్పినది. రెండవది పల్లె వాకిటి వరకు వచ్చినది.

ప్రణాళికకు ప్రాణము ముందుచూపు. "చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు" అని సామెత. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదులో వేలాది ప్రజలను పొట్టన పెట్టుకొనెను. అటుపిమ్మటనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలు తీసికొనిరి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. వరదను అరికట్టుటకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములను నిర్మించిరి. ఆ జలాశయములు తరువాతి తరములకు త్రాగునీరు ఇచ్చినవి. పని గొప్పది, కాని అది విపత్తు వచ్చిన పిమ్మట జరిగినది. విపత్తు రాకమునుపే దానిని ఊహించి అట్టి పని చేయగలుగుటయే ప్రణాళికకు పరమార్థము.

నగరము నానాటికి విస్తరించుటచే 1975లో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ ఏర్పడెను. 2008లో దాని స్థానమున మరింత విశాలమైన పరిధితో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ వెలసెను. చుట్టునున్న గ్రామములను గూడ కలుపుకొని 2031వ సంవత్సరము వరకు ఎచ్చట ఇండ్లు, ఎచ్చట పరిశ్రమలు, ఎచ్చట పొలములు ఉండవలెనో, ఏ రోడ్డు ఎంత వెడల్పు ఉండవలెనో తెలుపు బృహత్ ప్రణాళికను 2013లో ఆమోదించిరి.

ఈ కాలమున జరిగిన పెద్దపని ఔటర్ రింగు రోడ్డు నిర్మాణము. నగరము చుట్టును 158 కిలోమీటర్ల పొడవున, ఎనిమిది వరుసలతో సాగిన ఈ వలయ రహదారి 2018 నాటికి సంపూర్ణమయ్యెను. బండిచక్రమునకు పూటీలు కుదిరినవి. మేడ్చల్ దక్షిణపు పొలిమేర సమీపమునను, శామీర్‌పేట వద్దను దీనిమీదికి ఎక్కుటకు, దిగుటకు కూడళ్లు కలవు. నాగపురము నుండి వచ్చు సరకుల లారీ ఇప్పుడు నగరము చొరకుండనే బెంగుళూరు దారి పట్టగలదు. మేడ్చల్ వాసి ఇరుకు వీధుల బాధ లేకుండ శంషాబాదు విమానాశ్రయమును చేరగలడు.

దారి వెంబడి సంస్థలును వచ్చినవి. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, దాని సమీపమున బిట్స్ పిలానీ వారి హైదరాబాదు విద్యాప్రాంగణము నెలకొన్నవి. తుర్కపల్లి పరిసరములందు జీనోమ్ వ్యాలీ యను జీవశాస్త్ర పరిశ్రమల ప్రాంతము పెరిగినది. 2020లో ప్రపంచమును గడగడలాడించిన కరోనా వ్యాధికి దేశీయముగా తయారైన కోవాక్సిన్ టీకా అచ్చటిదే. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడెను. 2022లో జిల్లా కలెక్టరు కార్యాలయ భవనములు శామీర్‌పేట మండలములోని అంతాయిపల్లి వద్ద ప్రారంభమయ్యెను. ఒకనాడు ద్రాక్షబుట్టలు పట్టణమునకు పోయిన దారిలోనే నేడు విద్యార్థులు, శాస్త్రజ్ఞులు, ఉద్యోగులు పల్లెలవైపు వచ్చుచున్నారు.

ఇంతవరకు చెప్పినది నాణెమునకు ఒక ముఖము. రెండవ ముఖమును గూడ చూడవలయును. పెద్దదారి దూరమున నున్న వారిని దగ్గర చేయును. కాని ఒక్కొక్కప్పుడు దగ్గరనున్న వారిని దూరము చేయును. ఔటర్ రింగు రోడ్డు కొరకు తీసికొన్న భూమి వెడల్పు 150 మీటర్లు. అంత వెడల్పున ఒక పట్టె ఊరి పొలముల నడుమ సాగినప్పుడు, ఇల్లు ఒక వైపునను చేను రెండవ వైపునను మిగిలిపోవచ్చును. అంతకుమునుపు గట్టుమీదుగా నడచి చేను చేరిన రైతు ఇప్పుడు క్రిందిదారిని వెదకుకొని చుట్టు తిరిగి పోవలయును. ఆ రహదారి ప్రధాన వరుసలలో కాలినడక వారికిని, ద్విచక్ర వాహనములకును ప్రవేశము లేదు. అది వారి క్షేమమునకే. వారి కొరకు ఇరుప్రక్కల సర్వీసు రోడ్లు, అడ్డముగా పోవుటకు క్రిందిదారులు ఏర్పరచిరి. ఇవి పెద్దదారికి అలంకారములు కావు. దాని దరినున్న ఊళ్లకు ఊపిరి గొట్టములు. క్రిందిదారిలో వాననీరు నిలిచినను, రాత్రి దీపము వెలుగకపోయినను ఆ ఊరు రెండు ముక్కలైనట్లే.

నీటిని గూర్చియు ఇట్లే ఆలోచింపవలయును. తెలంగాణములోని చెరువులు గొలుసుకట్టుగా నుండును. ఎగువ చెరువు నిండి అలుగు పారిన నీరు వాగుల వెంట దిగువ చెరువునకు చేరును. రోడ్డు కట్ట ఆ నీటి దారికి అడ్డు తగిలి, తగినన్ని తూములు లేనిచో ఒక వైపు పంట మునుగును, రెండవ వైపు చెరువు ఎండును. నీరు నోరు లేనిది. తన దారి యేదో సభకు వచ్చి చెప్పలేదు. ఏ వాన ఎచ్చట నిలిచినదో, ఏ వాగు ఎటు మళ్లినదో ఎరిగినవారు ఆ ఊరి వృద్ధులు. పటమును గీయువారు వారిని అడిగినచో కొన్ని దినములు ఆలస్యము కావచ్చును. అడుగనిచో అనేక సంవత్సరములు నష్టము కలుగును.

పంట నష్టమును ఎట్లో పూడ్చుకొనవచ్చును; ప్రాణనష్టమును పూడ్చుకొనుట ఎట్లు? 2014 జూలై 24వ తేదీ ఉదయమున, మేడ్చల్ మీదుగా పోవు రైలుమార్గము మీదనే, ఉత్తరమున మాసాయిపేట వద్ద, బడిపిల్లలతో నిండిన బస్సు పట్టాలు దాటుచుండగా రైలు వచ్చి ఢీకొనెను. పదిమందికి పైగా చిన్నారులు ప్రాణములు కోల్పోయిరి. పలకలు, పుస్తకముల సంచులు, అన్నపు డబ్బాలు పట్టాల వెంట చెల్లాచెదరయ్యెను. పట్టాలను రోడ్డు దాటు ఆ చోట కాపలాదారు లేడు. మూయుటకు గేటు లేదు. రైలు తన దారిని తాను వచ్చినది. బస్సు తన దారిని తాను పోయినది. ఆ రెండు దారులు కలియు చోట ఉండవలసిన రక్షణ లేకపోయినది.

ఇట్టి ప్రమాదములు దేశమున పలుచోట్ల జరుగుటచే, బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని గేట్లను పూర్తిగా తొలగింపవలెనని రైల్వేవారు పూనుకొనిరి. 2019 జనవరి నాటికి ఆ పని ముగిసినది. కొన్ని చోట్ల కాపలాదారుని నియమించిరి. కొన్ని చోట్ల క్రిందిదారియో పైవంతెనయో నిర్మించిరి. చేయగలిగిన పనియే యని దీనివలన తేలినది. చేయగలిగిన పనిని ఏడుపు వినకమునుపే చేయుట నాగరికతకు లక్షణము.

రోడ్లమీద ఈనాటికిని జాగ్రత్త చాలదు. 2022వ సంవత్సరములో భారతదేశమున రోడ్డు ప్రమాదములందు మరణించిన వారి సంఖ్య 1,68,491. వారిలో 32 వేలకు పైగా కాలినడక వారే. వీరు ఏ వాహనమును నడుపలేదు, ఎవరితోను పోటీపడలేదు. దారిని దాటుటకో, దారి ప్రక్కన నడచుటకో ప్రయత్నించిరి. అంతియే.

ప్రణాళిక వేయువారు దారుల అవసరమును ఎట్లు లెక్కింతురో తెలిసికొన్నచో ఒక సూక్ష్మ విషయము బయటపడును. అమెరికా దేశమున 1950 తరువాత డెట్రాయిట్, షికాగో నగరములందు పెద్దయెత్తున రవాణా అధ్యయనములు జరిగినవి. ఇంటింటికి పోయి ఎవరు ఎచ్చటికి పోవుచున్నారో అడిగిరి. రోడ్లమీద వాహనములను లెక్కించిరి. ఏ ప్రాంతమున ఎన్ని ప్రయాణములు పుట్టును, అవి ఎచ్చటికి పోవును, ఏ వాహనములమీద పోవును, ఏ దారిని పట్టును అను నాలుగు ప్రశ్నలకు క్రమముగా సమాధానములు కనుగొనిరి. 1962లో ఆ దేశపు చట్టము నగర ప్రాంతములందు రవాణా ప్రణాళిక నిరంతరముగా, సమగ్రముగా, పరస్పర సహకారముతో సాగవలెనని విధించెను. ఈ లెక్కింపు పద్ధతి క్రమముగా దేశదేశములకు వ్యాపించి హైదరాబాదునకును వచ్చినది.

ఈ పద్ధతి మేలైనదే. కాని దీనిలో ఒక లోపమునకు చోటున్నది. లెక్కకు వచ్చునది జరిగిన ప్రయాణము. జరుగని ప్రయాణము లెక్కకు రాదు. ఊరికి బస్సు రానందున పదవ తరగతితో చదువు మానిన బాలిక ప్రయాణము ఏ పట్టికలోను కనబడదు. ఆసుపత్రికి పోవుటకు తోడు దొరకక ఇంటనే మూలుగు ముదుసలి ప్రయాణము ఎవరి పుస్తకమునకును ఎక్కదు. "ఈ ఊరినుండి ప్రయాణికులు లేరు, కావున బస్సు అక్కరలేదు" అని ఒకరు వ్రాయవచ్చును. నిజమునకు బస్సు లేనందుననే ప్రయాణికులు లేరు. రోడ్డుమీద సాగిపోవు వాహనము లెక్కకు వచ్చును. ఆ రోడ్డును అడ్డముగా దాటుటకు వేచియున్న మనిషి లెక్కకు రాడు.

దారి ఒక్కటియున్న చాలదు, దానిమీద పోగలిగిన స్తోమతయు ఉండవలెను. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వము మహాలక్ష్మి పథకము క్రింద ప్రభుత్వ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణమును ప్రవేశపెట్టెను. ఆ వెంటనే బస్సులలో స్త్రీల సంఖ్య మిక్కిలి పెరిగినది. అంతకుముందు వారికి పనులు లేవా? పనులు ఉన్నవి, దారియు ఉన్నది, చేతిలో చార్జీ లేదు. లెక్కకు రాని ప్రయాణములు ఎన్ని దాగియున్నవో ఈ పథకము చూపినది.

మేడ్చల్, శామీర్‌పేట బాటలమీద ఇప్పుడు మరికొన్ని పనులు సాగుచున్నవి. 2023 ఏప్రిల్ 8న మేడ్చల్ వరకు ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లు ప్రారంభమయ్యెను. మేడ్చల్‌కు ఉత్తరమున మనోహరాబాదు వద్ద చీలిన క్రొత్త రైలుమార్గము గజ్వేలు మీదుగా 2023లో సిద్దిపేట చేరినది. సికిందరాబాదు కంటోన్మెంటు ప్రాంతమున రెండు బాటలును ఇరుకైనవి. సైనిక భూములు లభింపక వాని విస్తరణ చాలకాలము ఆగియుండెను. రక్షణశాఖ అనుమతించిన పిమ్మట 2024 మార్చిలో రెండు బాటలపైనను ఎత్తైన వంతెన రహదారులకు శంకుస్థాపన జరిగినది. శామీర్‌పేట దిక్కునకు పోవు దారిలో హకీంపేట వైమానిక స్థావరము వద్ద రన్‌వేకు ఆటంకము కలుగకుండుటకై కొంత మేర సొరంగమును గూడ ఉద్దేశించిరి. మేడ్చల్‌కు, శామీర్‌పేటకు మెట్రో రైలును పొడిగించుటకై నివేదికలు సిద్ధము చేయవలసినదని 2025 జనవరిలో ముఖ్యమంత్రి ఆదేశించెను. వీనికి ఉత్తరమున తూప్రాన్, గజ్వేలుల మీదుగా ప్రాంతీయ వలయ రహదారిని తలపెట్టిరి.

ఈ పనులన్నియు వేర్వేరు శాఖలవి. రైలు ఒకరిది, బస్సు ఒకరిది, రోడ్డు ఒకరిది, మురుగుకాలువ మరియొకరిది. ప్రయాణికునికి మాత్రము ప్రయాణము ఒక్కటియే. గౌడవెల్లి స్టేషనులో రైలు దిగినవానికి ఊరి లోపలికి పోవు బస్సు అంతకు ఐదు నిమిషములు ముందే వెడలిపోయినచో, కోట్ల రూపాయల రైలు కూడ వానికి సగము దారి రైలే. వేళలు కలుపుటకు సిమెంటు అక్కరలేదు, ఇనుము అక్కరలేదు; ఇద్దరు అధికారులు ఒకచోట కూర్చున్న చాలును. సమగ్రత, సహకారము అను మాటలకు అర్థమిదియే.

మరి లెక్కకు రాని వారి మాట ఎవరు చెప్పవలయును? వారే చెప్పవలయును, అందులకు ఒక చోటు ఉండవలయును. భారతదేశమున ఆ చోటు గ్రామసభ. 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరునందు జవహర్‌లాల్ నెహ్రూ పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించెను. 1992లో ఆమోదము పొందిన 73వ రాజ్యాంగ సవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించెను. 74వ సవరణము జిల్లా ప్రణాళికా సంఘము, మహానగర ప్రణాళికా సంఘములు ఉండవలెనని విధించెను. 2013నాటి భూసేకరణ చట్టము ప్రకారము సాధారణముగా భూమి తీసికొనుటకు ముందు, ఆ పనివలన ప్రజల జీవనమునకు కలుగు మార్పును విచారించి వారి మాట వినవలయును.

ఇచ్చట ఒక క్రొత్త సమస్య యున్నది. 2024లో ఔటర్ రింగు రోడ్డు సమీపమునగల 51 గ్రామ పంచాయతీలను ఇరుగుపొరుగు పురపాలక సంఘములలో కలిపిరి. 2025 డిసెంబరులో నగరము చుట్టునున్న 27 పురపాలక, నగరపాలక సంఘములను హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనము చేసిరి. వానిలో మేడ్చల్, తూంకుంటలును ఉన్నవి. ఊరు పట్టణమైనచో మంచి నీరు, దీపములు, మురుగుకాలువలు మెరుగుపడునను ఆశ కలదు. కాని రావిచెట్టు క్రింద పదిమంది కూడి అడిగిన గ్రామసభ పట్టణమున ఉండదు. దాని స్థానమున వార్డు సమితులు చురుకుగా పనిచేయవలయును. లేనిచో ఊరు పెద్దదగును, ఊరివాని గొంతు చిన్నదగును.

పూర్వకాలమున దారి వేయుట యనిన, దానిమీద నడచువానిని ఆదరించుట యని అర్థము. అశోక చక్రవర్తి బాటల వెంట చెట్లు నాటించి బావులు త్రవ్వించినట్లు ఆయన శాసనములు తెలుపుచున్నవి. తెలుగునాట పుణ్యాత్ములు బాటప్రక్కన చలిపందిళ్లు వేయించిరి, సత్రములు కట్టించిరి. వారు కొలతలు ఎక్కువ ఎరుగకపోవచ్చును. బాటసారికి దాహమగునని ఎరుగుదురు. ఈనాటి దారికి చెట్టునీడ, కాలిబాట, బస్సు కొరకు నిలుచువారికి పైకప్పు, దాటుటకు భద్రమైన చోటు – ఇవియే చలిపందిళ్లు.

విద్యార్థులును ఈ పనిలో పాల్గొనవచ్చును. తరగతిలోని బాలబాలికలు కలిసి తమ ఊరి పటము గీయవచ్చును. అందు బడి, ఆసుపత్రి, అంగన్‌వాడి, బస్సు ఆగు చోటు, చెరువు, అంగడి గుర్తింపవలయును. ప్రతి విద్యార్థియు తన ఇంటినుండి బడికి వచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టునో, ఎన్ని రోడ్లు దాటవలయునో వ్రాయవలయును. వాననీరు నిలుచు చోటును నీలిరంగుతోను, దాటుటకు భయపడు చోటును ఎరుపురంగుతోను దిద్దవలయును. బడికి రాక మానివేసిన తోటివారు ఎవరైన నున్నచో కారణమేమో సౌమ్యముగా అడిగి తెలిసికొనవలయును. అప్పుడా పటములో అధికారుల పటమున లేని ఊరు కనబడును. ఉపాధ్యాయుల సహాయముతో దానిని పంచాయతీకో వార్డు సమితికో సమర్పించినచో, అది చిన్నచేతులతో గీచిన పెద్ద ప్రణాళిక యగును.

ఊరు లేని దారి ఎడారి. దారి లేని ఊరు చెరసాల. రెండును పరస్పరము మేలు చేసికొనవలెనన్న, గీత గీయు చేయి ఆ గీతను దాటవలసిన కాళ్లను తలచుకొనవలయును. దారి గొప్పతనమును దానిమీద పరుగెత్తు వాహనముల వేగముతో మాత్రమే కొలువరాదు. బడిసంచి భుజమున వేసికొని, ఎవరి చేయియు పట్టుకొనకుండ, ఒక చిన్న పిల్ల దానిని భయము లేక దాటగలదా యని అడుగవలయును. దాటగలిగిననాడు ఆ దారి ఊరిది.

అభ్యాసము

1. హైదరాబాదు పరిసరములందలి దారులను బండిచక్రముతో ఎట్లు పోల్చిరి? ఆ చక్రమునకు పూటీలు ఎప్పుడు కుదిరినవి?

2. పెద్దదారి "దగ్గరనున్న వారిని దూరము చేయును" అనుటకు ఈ పాఠమునందలి ఉదాహరణములు తెలుపుము.

3. "జరుగని ప్రయాణము లెక్కకు రాదు" – ఈ వాక్యమును మీ ఊరినుండి ఒక ఉదాహరణముతో వివరింపుము.

4. మాసాయిపేట ప్రమాదము తరువాత రైల్వేవారు దేశమంతట చేసిన మార్పు ఏమి? ఆ పనిని ముందే చేయుటకు ఏమి కావలసియుండెను?

5. గ్రామము పట్టణముగా మారినప్పుడు ప్రజలకు కలుగు లాభమేమి? కలుగు చిక్కు ఏమి?

6. తరగతిలోని వారందరును కలిసి మీ ఊరి పటమును పాఠమున చెప్పిన విధముగా గీయుడు.